70 దాటితే తోక ఊపుతున్న ట్రైలర్: 14 నెలలు కష్టపడి ఎక్కడ తప్పు చేశాను?

తాబేలు_ఇల్లు
14 నెలల పాటు నా ఆదివారాలన్నిటినీ మింగేసిన క్యాంపింగ్ ట్రైలర్ ఎట్టకేలకు పూర్తయింది. పోయిన వారం మూడు రోజులు మట్టిదారుల్లో తిప్పి తెచ్చాను. సంతోషంగా ఫొటోలు పెట్టాల్సిన రోజు. ఫిర్యాదులు రాసుకుంటూ కూర్చున్నాను.

ముందు కొలతలు. పెట్టె పొడవు 2.4 మీటర్లు, దాని ముందు కారు వైపు చాచిన డ్రాబార్ 1.4 మీటర్లు, యాక్సిల్ సరిగ్గా పెట్టె మధ్యలో. ఛాసిస్‌కు 100×50 ఇనుప గొట్టం, 3 మి.మీ. మందం. కింద కమాను పట్టీలు, ముందు కారుకు తగిలించడానికి 50 మి.మీ. బాల్ హిచ్, చక్రాలకు కరెంటుతో పనిచేసే డ్రమ్ము బ్రేకులు. వెనక తలుపు ఎత్తితే వంటగది, పక్కనే ఫ్రిజ్. నేల కింద వెనక వైపు 80 లీటర్ల నీళ్ల ట్యాంకు. స్టెప్నీ వెనక తలుపు మీద. ముందు పెట్టెలో 150 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ.

గంటకు 70 కిలోమీటర్లు దాటగానే తోక ఊపడం మొదలవుతోంది. పక్కనుంచి ఒక లారీ దాటినప్పుడైతే స్టీరింగు నా చేతిలో ఉందా, ట్రైలర్ చేతిలో ఉందా అర్థం కాలేదు. విచిత్రం ఏమిటంటే తిరుగు ప్రయాణంలో అంత ఊగలేదు. బహుశా నాకే అలవాటైపోయి ఉంటుంది. ఇది కాక, పరుపు మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. రెండో రోజు తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది. కుడి చక్రం మధ్య ఉండే హబ్బు మీద చెయ్యి ఆనించలేనంత వేడి.

కాగితం మీద మొత్తం 550 కిలోలు అనుకున్నాను. సామాను, నీళ్లతో సహా కాటా మీద 912 వచ్చింది. నవ్వకండి.

నట్టుబోల్టు
నవ్వలేదు. నేను 600 అనుకున్నది 1040 తూగింది. మన సంఘంలోకి స్వాగతం.

కమానుపట్టీ
మిగతావి తరువాత. హిచ్ మీద ఎంత బరువు పడుతోంది? అదొక్కటి చెప్పండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలి. అది తగ్గితే ట్రైలర్ ఊగకపోవడమే ఆశ్చర్యం.

తాబేలు_ఇల్లు
47 కిలోలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే కాటా మీద జాకీ చక్రం (విప్పినప్పుడు ట్రైలర్ ముక్కును నిలబెట్టే చిన్న చక్రం) దించి చూశాను. అంటే 5 శాతం. తక్కువేనని తెలుసు, కానీ మరీ ఇంత ఊగుతుందా?

నిదానమే_మేలు
ఒక్క నిమిషం. కాటాను జాకీ చక్రం కింద పెట్టారా? అయితే ఆ 47 కూడా నిజం కాదు. కప్లర్‌కు, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతికి, జాకీ చక్రం ఎంత వెనక ఉంది?

తాబేలు_ఇల్లు
అర మీటరు. ఎందుకు?

నిదానమే_మేలు
బరువు పడాల్సింది బాల్ మీద. మీరు తూచింది దానికి అర మీటరు వెనక, యాక్సిల్‌కు దగ్గరగా. కాబట్టి అంకె పెరిగింది. కప్లర్ నుంచి యాక్సిల్‌కు 2.6 మీటర్లు, జాకీ నుంచి 2.1. 47ను 2.1తో గుణించి 2.6తో భాగించండి. 38 కిలోలు. మొత్తంలో 4 శాతం.

ఈసారి కాటా మీద ఒక బలమైన పైపు ముక్క నిలబెట్టి, కప్లర్‌ను నేరుగా దాని మీద దించండి. కారుకు తగిలించినప్పుడు ఏ ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తులోనే ఉండాలి, నేల సమంగా ఉండాలి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టడం మరచిపోకండి. నేనొకసారి మరచిపోయాను. కాటా ముక్కలైంది, కాలు అదృష్టవశాత్తూ మిగిలింది.

మట్టిదారి
అసలు తప్పు యాక్సిల్‌ది. ఎవరైనా మధ్యలో పెడతారా? పెట్టె పొడవులో ముందు నుంచి 60 శాతం దగ్గర ఉండాలి. మీ కొలతల్లో 24 సెంటీమీటర్లు వెనక్కి రావాలి. కమాను పట్టీలను పట్టుకునే హ్యాంగర్లు కోసి, జరిపి, మళ్లీ వెల్డింగు చేయించండి. రెండు రోజుల పని.

కమానుపట్టీ
మట్టిదారి గారూ, రంపం లోపల పెట్టండి. యాక్సిల్ జరిగితే చక్రాలు జరుగుతాయి, చక్రాలు జరిగితే మడ్‌గార్డులు జరగాలి, వాటి కోసం పెట్టె పక్క గోడలు కోయాలి. రెండు రోజులు కాదు, రెండు నెలలు. పైగా 3 మి.మీ. గొట్టం అడుగున అడ్డంగా మళ్లీ మళ్లీ వెల్డింగు చేస్తే ఆ వేడి తగిలిన చోటే తరువాత పగులుతుంది.

తాబేలు గారూ, మీ జవాబు మీ మొదటి పోస్టులోనే ఉంది. తిరుగు ప్రయాణంలో అంత ఊగలేదన్నారు. అప్పటికి ట్యాంకులో నీళ్లు ఎన్ని మిగిలాయి?

తాబేలు_ఇల్లు
ఒక్క చుక్క లేదు. చివరి రోజు పొద్దున్నే అయిపోయాయి. ...ఓహో.

కమానుపట్టీ
అదే. మీకు అలవాటు కాలేదు, ట్రైలర్ బాగుపడింది. మీ ట్యాంకు మధ్య భాగం యాక్సిల్‌కు 70 సెంటీమీటర్లు వెనక ఉందనుకుందాం. 80 లీటర్లంటే 80 కిలోలు. అంత బరువు వెనక కూర్చుని ముక్కును 21 కిలోల మేర పైకి లేపుతోంది. ట్యాంకు ఖాళీ అయ్యాక మొత్తం 832, ముక్కు మీద సుమారు 59. అంటే 7 శాతం. మంచిదని కాదు, కానీ 4 కంటే నయం. అందుకే ఊపు తగ్గింది.

స్టెప్నీ సంగతి ఇంకా ఘోరం. బరువు తక్కువే కానీ తోక చివర వేలాడుతోంది. తాడు చివర రాయి కట్టి తిప్పినట్టు, ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా లాగుతుంది. ఆ రెండూ ముందుకు తెండి. యాక్సిల్‌ను తాకకండి.

మట్టిదారి
సరే, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా కట్టేవాళ్లకు నా మాటే మాట: యాక్సిల్‌ను చివరిదాకా బోల్టులతోనే ఉంచండి. లోపలి సామాను అంతా సర్ది, తూచి, అప్పుడు వెల్డింగు చేయండి.

కమానుపట్టీ
అందులో వాదన లేదు.

పాతజీపు
ఊగుతున్నప్పుడు బ్రేకు తొక్కకుండా కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే కారు లాగి, ట్రైలర్ సరళరేఖలోకి వస్తుందని మా పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు రెండు సార్లు పనిచేసింది.

నిదానమే_మేలు
మూడోసారి పనిచేయకపోతే ఇక్కడ పోస్టు రాయడానికి మీరు ఉండరు. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి, ఊపుకు ఎదురు తిప్పవద్దు. తాబేలు గారి ట్రైలర్‌కు కరెంటు బ్రేకులు ఉన్నాయి కాబట్టి డ్యాష్‌బోర్డు దగ్గర కంట్రోలర్ మీది మీటను చేత్తో నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు తోక సర్దుకుంటుంది.

పాతజీపు
రెండు సార్లు అన్నానని అంత కోపమా!

నట్టుబోల్టు
బ్రేకుల మాట వచ్చింది కాబట్టి: బరువు 550 ఉంటుందనుకుని బ్రేకులు వద్దనుకునే వాళ్లు ఈ 912 చూసి బుద్ధి తెచ్చుకోవాలి. ఐరోపాలోనూ ఆస్ట్రేలియాలోనూ బ్రేకులు లేకుండా అనుమతించేది 750 కిలోల దాకానే. మీ దేశంలో ఏ నియమం ఉన్నా, కొండ దిగేటప్పుడు భౌతికశాస్త్రం ఒకటే.

రేకులషెడ్డు
అసలు 362 కిలోలు ఎక్కడ నుంచి ఊడిపడ్డాయో ఎవరూ అడగలేదు. లోపల ఏ ప్లైవుడ్ వాడారు?

తాబేలు_ఇల్లు
18 మి.మీ. గట్టిగా ఉంటుందని. 8×4 పలకలు తొమ్మిది పట్టాయి.

రేకులషెడ్డు
దొరికాడు దొంగ. 18 మి.మీ. పలక ఒక్కొక్కటి 30 కిలోల పైమాటే. తొమ్మిది పలకలు కలిపి మీ ఛాసిస్ గొట్టం కంటే రెట్టింపు బరువు. 9 మి.మీ. వాడి ఉంటే అక్కడే 140 కిలోలు మిగిలేవి. సొరుగుల పక్కలకు, అలమరా తలుపులకు 9 చాలు. గట్టిదనం మందం నుంచి రాదు, మూలల్లో పెట్టే ఆసరా కర్రల నుంచి, జిగురు నుంచి వస్తుంది. ఒట్టి స్క్రూలు మట్టిదారి కుదుపులకు తమ రంధ్రాలను తామే పెద్దవి చేసుకుని, ఒకరోజు మర్యాదగా బయటకు వచ్చేస్తాయి.

గుడారం_77
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను ఇంకా ఛాసిస్ దగ్గరే ఉన్నాను. రంగు వేయాలా, గాల్వనైజ్ (జింకు పూత) చేయించాలా?

రేకులషెడ్డు
చేయిస్తే మంచిదే, కానీ వెల్డింగు పనంతా అయ్యాకే. ముందే జింకు పూసిన గొట్టాన్ని వెల్డింగు చేస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. పూత గీకేసి, గాలి ఆడే చోట చేయాలి.

ఇంకొకటి, ఇది ప్రాణం మీది మాట. రెండు చివరలూ మూసేసిన గొట్టాన్ని జింకు తొట్టిలో ముంచకూడదు. తొట్టి వేడి 450 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గొట్టం లోపల చిక్కుకున్న తడి, గాలి ఆ వేడికి పేలతాయి. ప్రతి గొట్టానికీ రెండు చివరలా రంధ్రాలు ఉండాలి. ఎక్కడ, ఎంత వెడల్పున అన్నది ముంచేవాళ్లనే అడగండి. ఆ రంధ్రాలే తరువాత లోపలికి చేరిన బురద నీళ్లు కారిపోవడానికి పనికొస్తాయి.

గుడారం_77
ధన్యవాదాలు. నేను నీళ్లు పోకుండా అన్నీ మూసేసి గర్వపడుతున్నాను. రేపే డ్రిల్లు తీస్తాను.

తీగలపందిరి
ఇక నా వంతు. ఫ్రిజ్ ఆగింది కదా. కారు నుంచి ట్రైలర్ బ్యాటరీకి ఎంత మందం వైరు వేశారు?

తాబేలు_ఇల్లు
2.5 చదరపు మి.మీ. ఇంటి వైరింగు మిగిలితే వేశాను. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ నిండుతుందనుకున్నాను.

తీగలపందిరి
ఇంటి వైరు ఇంట్లో ఉండాలి. కారు బ్యాటరీ నుంచి ట్రైలర్ ముందు పెట్టెకు 6 మీటర్లు, తిరిగి రావడానికి 6 మీటర్లు. మొత్తం 12 మీటర్ల రాగి. 15 ఆంపియర్లు పారితే 2.5 వైరులో 1.2 వోల్టుల పైనే దారిలోనే కరిగిపోతుంది. ఆల్టర్నేటర్ 14.2 ఇచ్చినా మీ బ్యాటరీకి చేరేది 13 లోపే. రోజంతా తోలినా నిండదు. 16 చదరపు మి.మీ. వైరు వేస్తే పోయేది 0.2 వోల్టు. రెండు చివరలా, బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఫ్యూజు. ట్రైలర్ బ్యాటరీ పక్కనే డీసీ-డీసీ చార్జర్ పెట్టుకుంటే మిగిలిన లోటు అదే సరిచేస్తుంది.

ఫ్రిజ్ రోజుకు 300 నుంచి 600 వాట్ అవర్లు తింటుంది, ఎండను బట్టి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి మీ 150లో వాడుకోదగ్గది 75. అంటే 900 వాట్ అవర్లు. సగమే నిండిన బ్యాటరీతో బయలుదేరితే రెండో తెల్లవారుజాము దాకా వచ్చిందంటే మీ ఫ్రిజ్‌కు దండం పెట్టాలి.

నట్టుబోల్టు
ఆ ముసలి బ్యాటరీని తీసేసి లిథియం పెట్టండి. 100 ఆంపియర్ అవర్లది 12, 13 కిలోలే ఉంటుంది. 30 కిలోలు ఆదా.

కమానుపట్టీ
ఇప్పుడు కాదు! బ్యాటరీ ముందు పెట్టెలో ఉంది. ముక్కు మీద ఉన్న ఆ కాస్త బరువులో దాని వాటాయే ఎక్కువ. అక్కడ 30 కిలోలు తగ్గిస్తే హిచ్ మీద 15 కిలోలు మాయం. 38 కాస్తా 23 అవుతుంది. బరువు తగ్గించడం ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. ఎక్కడ తగ్గిస్తున్నామన్నది చూడాలి. ముందు ట్యాంకు, స్టెప్నీ. తరువాతే లిథియం.

తీగలపందిరి
ఒప్పుకుంటున్నాను. పైగా చలి ప్రదేశాలకు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, సున్నా డిగ్రీల కింద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని చార్జ్ చేస్తే పాడవుతుంది. వాడుకోవచ్చు, నింపకూడదు.

అది సరే, వంటకు గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టారు?

తాబేలు_ఇల్లు
ముందు పెట్టెలో. బ్యాటరీ పక్కనే. దుమ్ము పడకుండా చుట్టూ రబ్బరు కూడా వేశాను.

తీగలపందిరి
తూకాలు, దుమ్ము అన్నీ పక్కన పెట్టి ఈ రోజే సిలిండర్ బయటకు తీయండి. చార్జ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, అది పైకి పోతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. మీ పెట్టెలో పైకీ దారి లేదు, కిందికీ దారి లేదు. మధ్యలో నిప్పురవ్వ పుట్టించగల బ్యాటరీ తీగలు ఉన్నాయి.

తాబేలు_ఇల్లు
తీసేశాను. ఇది రాసే ముందే తీసి వచ్చాను. చేతులు కొంచెం వణుకుతున్నాయి.

నిదానమే_మేలు
డ్రాబార్ మీద బయటే, నిలువుగా, పట్టీ బిగించి పెట్టండి. బ్యాటరీ పెట్టెకు పైన గాలి రంధ్రాలు వేయండి.

మట్టిదారి
దుమ్ము గురించి నేను చెప్తాను, ఇందులోనైనా నా మాట నెగ్గుతుందేమో. వేగంగా పోతుంటే ట్రైలర్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడే సుడి తిరుగుతూ, వెనక తలుపు సందుల్లోంచి లోపలికి పీల్చుకుపోతుంది. కాబట్టి తలుపు చుట్టూ చదునైన రబ్బరు కాదు, లోపల బోలుగా ఉండి తలుపు మూస్తే నలిగే గుండ్రని రబ్బరు వేయండి. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ దుమ్ము వస్తుంది. తరువాత పెట్టె పైభాగంలో ముందుకు చూసే గాలి కిటికీ ఒకటి, జల్లెడ గుడ్డతో. నడుస్తున్నప్పుడు అది గాలిని లోపలికి నెడుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే దుమ్ము లోపలికి రాదు.

రేకులషెడ్డు
వాన వస్తే నీళ్లు కూడా లోపలికి నెడుతుంది.

మట్టిదారి
వాన వస్తే మూయాలి. వానలో దుమ్ము లేవదు.

రేకులషెడ్డు
న్యాయమే.

పాతజీపు
ఈ కష్టాలన్నీ చదువుతుంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి పావు టన్ను జీపు ట్రైలర్లు గుర్తొస్తున్నాయి. బాంటమ్, విల్లీస్ వాళ్లు తయారుచేసినవి. జీపుకు ఏ చక్రమో ట్రైలర్‌కూ అదే చక్రం, కాబట్టి స్టెప్నీ ఒకటే చాలు. రోడ్డు మీద కాకుండా బయట తిప్పితే సామాను 500 పౌండ్లు, అంటే 227 కిలోలు దాటవద్దని లెక్క. నీళ్లు చొరబడని తొట్టి, వాగులో తేలేది. అడుగున నీళ్లు వదలడానికి బిరడాలు.

తాబేలు గారూ, మీ ట్రైలర్ చక్రాలు కారు చక్రాలకు సరిపోతాయా? సరిపోతే రెండు స్టెప్నీలు ఎందుకు?

తాబేలు_ఇల్లు
సరిపోవు. ట్రైలర్‌కు ఐదు బోల్టులు, కారుకు ఆరు. హబ్బులు ముందే కొనేశాను, కారు తరువాత మార్చాను.

నట్టుబోల్టు
ఇది మామూలుగా జరిగేదే. ట్రైలర్ కోసం కారు, కారు కోసం మళ్లీ ట్రైలర్.

గుడారం_77
50 మి.మీ. బాల్ మట్టిదారికి సరిపోతుందా? అన్ని వైపులా తిరిగే హిచ్ పెట్టాలంటున్నారు.

కమానుపట్టీ
కంకర రోడ్డు, పొలం గట్టు అయితే బాల్ చాలు. కారు ఒక వైపు గుంతలోకి, ట్రైలర్ ఇంకో వైపు గుంతలోకి ఒరిగే చోట్లకు వెళ్తే చాలదు. బాల్ మీద కప్లర్ కొంతవరకే మెలి తిరుగుతుంది, ఆ తరువాత ఇనుము వంగాలి లేదా ఊడాలి. 360 డిగ్రీలు తిరిగే హిచ్ అయితే ట్రైలర్ పల్టీ కొట్టినా కారును వెంట తీసుకుపోదు.

నిదానమే_మేలు
హబ్బు వేడి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. చెయ్యి కాలుతుందనేమో. బేరింగు నట్టును ఎలా బిగించారు?

తాబేలు_ఇల్లు
గట్టిగా. పానా మీద నిలబడి.

నిదానమే_మేలు
అమ్మో. చక్రం నట్టు వేరు, బేరింగు నట్టు వేరు. హబ్బును చేత్తో తిప్పుతూ నట్టు బిగించాలి, బేరింగులు సర్దుకున్నాక వదులు చేసి, వేళ్లతో మాత్రమే మళ్లీ బిగించి, నట్టు తిరిగిపోకుండా కాటరు పిన్ను వేయాలి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, పట్టుకుని ఊపితే లొటలొటలాడకూడదు. ఆ కుడి బేరింగును తీసి చూడండి, రోలర్లు నీలం రంగుకు తిరిగి ఉంటే మార్చేయండి. వేడిగా ఉన్న హబ్బుతో వాగు దాటితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి సీలు సందులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. వాగు ముందు పావుగంట ఆగండి.

తాబేలు_ఇల్లు
మూడు వారాల తరువాత వస్తున్నాను. కుడి బేరింగు నీలంగానే ఉంది, రెండూ మార్చాను. ట్యాంకును యాక్సిల్‌కు 30 సెంటీమీటర్లు ముందుకు తెచ్చాను. 28 కిలోల స్టెప్నీ ఇప్పుడు డ్రాబార్ మీద, పెట్టె ముందు గోడకు ఆనుకుని నిలబడింది. పైపు ముక్క మీద కప్లర్ దించి తూచాను, చక్రాలకు రాళ్లు పెట్టే తూచాను: ట్యాంకు నిండుగా 97, ఖాళీగా 88. రెండు సందర్భాల్లోనూ 10 శాతం పైనే. యాక్సిల్‌ను తాకలేదు.

నిన్న 80 మీద పోయాను. లారీ దాటింది. నేను టీ తాగుతున్నట్టు కూర్చున్నాను. ఫ్రిజ్ మూడు రాత్రులు ఆగలేదు. పరుపు శుభ్రం, కానీ గరిటెల సొరుగులోకి మాత్రం దుమ్ము ఎలాగో దారి వెతుక్కుంటోంది.

ఒక్క చిక్కు. మా కారు డిక్కీ తలుపు పక్కకు తెరుచుకునే రకం. ఇప్పుడు స్టెప్నీకి తగిలి సగమే తెరుచుకుంటోంది.

నట్టుబోల్టు
డ్రాబార్ ఒక 30 సెంటీమీటర్లు పొడిగించండి. రివర్సు చేయడం కూడా సులువవుతుంది.

కమానుపట్టీ
పొడిగిస్తే 97 కాస్తా 87 దగ్గరకు దిగుతుంది. మళ్లీ 10 శాతం లోపలికి.

మట్టిదారి
యాక్సిల్ జరపమని మొదట్లోనే చెప్పాను.

తాబేలు_ఇల్లు
ఎవరూ ఏమీ కోయవద్దు. స్టెప్నీని పక్కకు ఒక జానెడు జరిపితే తలుపు తప్పుకుంటుందేమో చూస్తాను. టేపు తీసుకుని బయటకు వెళ్తున్నాను.